కన్నానికి కూలి లేదు

కగ్గదాసపుర, ఆరో క్రాసు, మూడో అంతస్తు.
డిసెంబరు పొద్దున్నే ఇందుమతమ్మ ఫోను:
"గీజరు మంట పసుప్పచ్చగా వస్తోంది,
ఒకసారి చూసిపో ఓబులేసూ."

నేను ముందు గీజరు చూడను.
స్నానాలగది గోడ పైకి చూస్తాను,
వెంటిలేటరు ఎక్కడుందా అని.
ఉంది.
పావురాలు దూరుతున్నాయని అట్ట పెట్టారు.
అట్ట తడుస్తోందని ఫ్లెక్సు కొట్టారు.
ఫ్లెక్సులో ఎవరో చోటా నాయకుడు,
పోయినేడాది పుట్టినరోజు తాలూకు,
రెండు చేతులూ జోడించి
గాలికి అడ్డంగా నిలబడి నవ్వుతున్నాడు.

ఓనరు జయశీలమ్మ మెట్లెక్కి వచ్చింది.
"చళి కణప్పా, అదక్కే ముచ్చిదీవి."
నాకు చలి, ఆమెకు చళి.
నాకు గాలి, ఆమెకు గాళి.
నాలుక ఒక్కసారి మడత పడేంత దూరం, అంతే.
"గాళి బేకమ్మా" అన్నాను.
ఇంకేం చెప్పాలో తెలీలేదు.

మంట నీలంగా ఉంటే
కడుపునిండా తింటోందని లెక్క.
పచ్చగా నాలుక చాపిందంటే దానికి ఊపిరాడట్లేదు.
దానికి ఆడని గదిలో మనకెట్లా ఆడుతుంది?

నిప్పు లేనిదే పొగ రాదనేది మా అవ్వ.
కట్టెల పొయ్యి ముందు కళ్ళు తుడుచుకుంటూ అనేది.
కళ్ళు మండించని పొగ సంగతి ఆమెకు తెలీదు.
దీనికి రంగు లేదు, కంపు లేదు, దగ్గు రాదు.
సిలిండరు లీకైతే నయం,
కుళ్ళిన కూరలా కంపుకొట్టి ఇంటిల్లిపాదినీ లేపుతుంది.
అదే గ్యాసు, సగం కాలితే, మూగది.
తల దిమ్ముగా ఉంటే నిద్ర చాల్లేదనుకుంటాం.
వాంతొస్తే రాత్రి తిన్న బజ్జీలనుకుంటాం.
మోకాళ్ళు పట్టు తప్పేసరికి
తలుపు గడియ, ఎదురుగానే ఉన్న గడియ,
పక్క ఊరికి పోయుంటుంది.

నా సంచిలో ఒక గడియ ఉంది. వంగిపోయింది.
మురుగేశపాళ్యలో ఆడపిల్లల పీజీది.
అక్కడ గీజరు బిగించింది నేనే.
"బయట పెట్టాల సార్" అన్నాను ఒకసారి.
"టైల్సు కొత్తవి, కన్నాలొద్దు" అన్నాడాయన.
రెండోసారి అనలేదు.
ఆకలేస్తోంది, టిఫిను టైము.
మూడొందల యాభై తీసుకుని లోపలే బిగించాను.
నిచ్చెన కదలకుండా పట్టుకుంది ఒక పిల్ల,
ప్రణీత, ఆదోని.

నెల తిరక్కుండా ఆ పిల్లే లోపల పడిపోయింది.
నీళ్ళ చప్పుడు ఆగట్లేదని
పక్క గది తస్లీమ్ తలుపు తన్నింది.
కిటికీలు తెరిచి, ఈడ్చుకొచ్చి, వరండాలో పడుకోబెట్టింది.
బతికింది.
ఆర్నెల్ల తర్వాత బస్టాపులో కనిపిస్తే చెయ్యెత్తాను.
"ఎవరమ్మా ఈయన?" అని వాళ్ళమ్మను అడిగింది.
వాళ్ళమ్మ చెప్పింది.
బస్సు రాలేదు.
రెండు నిమిషాలకు మళ్ళీ, అదే నవ్వుతో,
"ఎవరమ్మా ఈయన?"

మస్తాన్ ఫ్లెక్సు చింపాడు. అట్ట లాగాడు.
బూజూ ఈకలూ దులిపితే
వెలుతురు వచ్చి బకెట్లో పడింది.
గీజరు విప్పి యుటిలిటీలోకి మార్చాను.
పైపు కోసం గోడకు డ్రిల్లు పెట్టగానే
జయశీలమ్మ చెవులు కాదు, గుండె మూసుకుంది:
"అయ్యో నన్న టైల్సు!"
తెల్లటి పొడి నా కనుబొమ్మల మీద.
ఈసారి ఆకలి వేసినా ఆపలేదు.

ఇందుమతమ్మ శాలువా బిగించుకుంది.
"చలిగాలి కొడుతోంది ఓబులేసూ."
కొట్టనీ తల్లీ.
వణికితే ఒళ్ళు తెలుస్తుంది.
బకెట్ నింపుకో, గీజరు ఆపు, ఆ తర్వాతే పొయ్యి.
ఏడాదికోసారి నన్ను పిలువు, తిడుతూనైనా పిలువు.

లెక్క రాశాను.
మార్చినందుకు ఆరొందలు. పైపు రెండొందలు.
"మరి గోడకు కన్నం?"
కన్నంలో ఏముందమ్మా, ఏమీ లేదు.
ఏమీ లేనిదానికి కూలి తీసుకోను.
మూయకుండా ఉంటే చాలు.

పావురాలకు జాలీ బిగించాను.
దానికి నలభై.